మీకు తెలుసా? పట్టాలో 56 టన్నుల బలం

సికింద్రాబాద్ కేంద్రంగా 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలో వేసవి వస్తే పట్టాలపై నిఘా పెరుగుతుంది. అతుకుల్లేకుండా వెల్డింగ్ చేసిన పొడవాటి పట్టాకు సాగే వీలుండదు. మీటరుకు 60 కిలోలు తూగే పట్టా 30 డిగ్రీలు అదనంగా వేడెక్కితే, దానిలో దాదాపు 56 టన్నుల నొక్కుడు బలం పుడుతుంది. కంకర పట్టు సడలిందా, పట్టా పక్కకు వంకరపోతుంది. ఇదే బక్లింగ్.

నొక్కుడు బలానికి స్తంభాలూ ఇలాగే వంగుతాయి. స్తంభాల బక్లింగ్‌కు 1744లోనే గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ సూత్రం కట్టాడు. ఇప్పుడు ఆ లెక్కలను ఆన్సిస్, అబాకస్, నాస్ట్రాన్ వంటి కంప్యూటర్ ప్రోగ్రాములు చేస్తున్నాయి.

ఒకే స్తంభానికి రెండు ప్రోగ్రాములు వేర్వేరు జవాబులిస్తే? ముందుగా చూడాల్సింది కొనల దగ్గర. రెండు కొనలూ బిగించి ఉన్నాయని చెబితే, కీళ్లపై తిరుగుతాయని చెప్పినప్పటికంటే, స్తంభాన్ని వంచే బరువు నాలుగు రెట్లుగా వస్తుంది! అందుకే రెండు ప్రోగ్రాముల్లోనూ మొదట ఆయిలర్ సూత్రంతో జవాబు తెలిసిన స్తంభాన్నే లెక్కవేయించి సరిచూడాలి.