సీటొచ్చిన సంతోషం... పంచుకునే తీరు

మే, జూన్ నెలలొచ్చాయంటే మన సంఘాల్లో సాక్ష్యాల వరస మారిపోతుంది. అప్పటిదాకా జ్వరం తగ్గిందని, అప్పు తీరిందని, బోరులో నీళ్లు పడ్డాయని చెప్పిన నోళ్లే ఇప్పుడు ‘మా అబ్బాయికి ఐఐటీలో సీటొచ్చింది’, ‘మా పాపకు నీట్‌లో మంచి ర్యాంకొచ్చింది’ అని చెబుతాయి. చప్పట్లు మోగుతాయి. పాస్టరుగారు పిల్లను ముందుకు పిలిచి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. రెండు రోజుల్లో ఊరి సెంటర్లో ఫ్లెక్సీ లేస్తుంది. కొత్తపట్నం లాంటి సముద్రతీరపు ఊళ్లోనైనా, మిర్చి కల్లాల మధ్యనున్న పల్లెలోనైనా ఇదే తంతు.

ఇందులో తప్పేముంది? సంతోషం కలిగితే సంఘంలో చెప్పుకోక ఇంకెక్కడ చెప్పుకుంటాం? నిజమే. కానీ అదే ఆదివారం, అదే గుడిలో, వెనకవరస చాపమీద ఇంటర్ తప్పిన పిల్లవాడు కూడా కూర్చుని ఉంటాడు. అందరితో పాటు వాడూ చప్పట్లు కొడతాడు. వాళ్లమ్మ కూడా కొడుతుంది, కొడుకు ముఖం వైపు చూడకుండా! ముందువరస సంతోషం వెనకవరసకు గాయం కాకుండా ఎలా చెప్పుకోవాలన్నదే ప్రశ్న. ఇది చిన్న విషయం కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడ్డాక ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒక్కో మరణానికి ఎన్ని కారణాలుంటాయో మనం తేల్చలేం. కానీ మార్కుల కాగితమే మనిషి విలువ అన్న మాట మన ఇళ్లలో, వీధుల్లో, కొన్నిసార్లు గుడిలో కూడా వినబడుతోందన్నది మాత్రం కాదనలేం.

అలాగని, ఈ సంతోషాన్ని గర్వమని కొట్టిపారేసే హక్కు కూడా మనకు లేదు. ఎందుకో తెలియాలంటే కొత్తపట్నం నుంచి ఒంగోలు దాకా వెళ్లి, నూటయాభై ఏళ్లు వెనక్కి చూడాలి.

1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరకు తొలిరోజుల్లోనే ఒక చిక్కు ఎదురైంది. ఊళ్లోని పైకులాల వారు ఆయన పాఠశాల పట్ల, బోధ పట్ల ఆసక్తి చూపుతున్నారు. అంతలో పల్లెల నుంచి మాదిగలు ప్రభువును నమ్ముకుని రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేము రామన్నారు ఊరిపెద్దలు. ఎవరిని వదులుకోవాలి? దొర ఒక గదిలో, దొరసాని మరో గదిలో దేవుని చిత్తం కోసం వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరి కళ్లూ ఒకే భాగం మీద పడ్డాయట. అది కొరింథీ సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయం. లోకం దృష్టిలో జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశాల వారు మీలో ఎక్కువమంది లేరు కదా, లోకం ఎన్నిక చేయని వారినే దేవుడు ఏర్పరచుకున్నాడు కదా అని పౌలు గుర్తుచేసే భాగమది (1 కొరింథీ 1:26-29). దాంతో వారి సందేహం తీరిపోయింది. మాదిగలకు తలుపు తెరిచే ఉంచారు.

తరువాత 1876-78 నాటి మహా కరువొచ్చింది. ఆకలితో అల్లాడుతున్న జనానికి కూలి దొరకాలని క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆ కాలువ కొత్తపట్నం తీరప్రాంతం మీదుగా సాగేదే. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది అక్షరం ముక్క రానివారు. రాకపోవడం వారి లోపం కాదు, వారిని బడి గడప తొక్కనివ్వని లోకం చేసిన లోపం. అలాంటి ఇంట్లో నాలుగో తరమో ఐదో తరమో బిడ్డకు పెద్ద కాలేజీలో సీటొస్తే ఆ తల్లి కళ్లలో మెరిసేది ఒట్టి డాబు కాదు. తరతరాల ఎదురుచూపు ఫలించిన ఆనందం. దాన్ని అణచుకోమని చెప్పడం భక్తి అనిపించుకోదు.

మరి సంతోషాన్ని ఎలా బయటపెట్టాలి? దేవుడు ఇశ్రాయేలీయులకు నేర్పిన ఒక మర్యాద మనకు ఇక్కడ దారి చూపుతుంది. మన గుడుల్లో కోతపండుగకు గంపలతో వేరుశనగ, మిరపకాయలు, గుమ్మడికాయలు తెచ్చి బల్లముందు పెడతాం కదా, దాని మూలం ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ఉంది. వాగ్దాన దేశంలో మొదటి పంట చేతికొచ్చినప్పుడు రైతు గంప నింపుకుని దేవుని సన్నిధికి వస్తాడు. అయితే గంప దించి ‘చూడండి, మా పొలం ఎంత పండిందో’ అనడు. తన పితరుడు నాశనానికి దగ్గరైన ఒక సంచారి అని, తమవాళ్లు ఐగుప్తులో బానిసలై బాధలు పడ్డారని, దేవుడే విడిపించి ఈ నేల ఇచ్చాడని చెప్పాలి. ఆ తరువాత లేవీయుణ్ని, తన మధ్యనున్న పరదేశిని కలుపుకుని సంతోషించాలి. మూడు మెట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎక్కడినుంచి వచ్చామో చెప్పడం, ఎవరు తెచ్చారో ఒప్పుకోవడం, లేనివారితో పంచుకోవడం. గంపలో ధాన్యానికి బదులు అడ్మిషన్ లెటర్ ఉన్నా ఇదే మర్యాద.

మొదటి మెట్టు సంగతి చూద్దాం. సాక్ష్యం చెప్పేటప్పుడు కాలేజీ పేరుతో మొదలుపెట్టకుండా ముత్తాతతో మొదలుపెట్టి చూడండి. కరువులో మట్టి తవ్వినవాడు, వల లాగినవాడు, పొగాకు బారన్‌లో నిప్పుల దగ్గర రాత్రంతా కాపలా కాసినవాడు, వేలిముద్ర వేసినవాడు. అప్పుడు ఆ సాక్ష్యం వెనకవరస పిల్లవాడికి కూడా తన ఇంటి కథలాగే వినిపిస్తుంది. ర్యాంకు వాడిది కాదు, కానీ ముత్తాత వాడికీ ఉన్నాడు!

రెండో మెట్టు, ఎవరు తెచ్చారో ఒప్పుకోవడం. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ‘మా బిడ్డ ప్రార్థన చేసింది, అందుకే దేవుడు సీటిచ్చాడు’ అనేస్తుంటాం. అలాంటప్పుడు రాని బిడ్డ ప్రార్థన చేయలేదనా? దేవుడు వాణ్ని ప్రేమించలేదనా? మనకు తెలియకుండానే దేవుని ప్రేమకు కటాఫ్ మార్కు పెట్టేస్తున్నాం. కలిగినదంతా పుచ్చుకున్నదే అయితే సొంతమన్నట్టు అతిశయించడమేమిటని పౌలు అడుగుతాడు (1 కొరింథీ 4:7). దేవుణ్ని స్తుతించాక, ఆయన ఏ చేతుల ద్వారా ఇచ్చాడో ఆ చేతుల పేర్లు చెప్పాలి. లెక్కలు చెప్పిన సర్కారు బడి మాస్టారు, ఫీజుకు డబ్బు సర్దిన మేనమామ, చదువు మానేసి తమ్ముణ్ని చదివించిన అక్క. ఫ్లెక్సీమీద నాయకుల ఫొటోలకు చోటున్నప్పుడు ఆ అక్కకు ఎందుకు లేదు? ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, వీధికి తెలియకముందే వారి ఇళ్లకు వెళ్లి ముందుగా వారికి చెప్పి రావడం.

మరైతే కాలేజీ పేరు చెప్పాలా, దాచాలా? పేరున్న కాలేజీలో చేరిన పిల్లలకు ఇది నిజంగానే ఇబ్బందే. అమెరికాలో హార్వర్డ్ విద్యార్థుల మీద ఒక పాత జోకు ఉంది. ఎక్కడ చదువుతున్నావని అడిగితే వాళ్లు హార్వర్డ్ అనకుండా ‘బోస్టన్ దగ్గర’ అంటారట. వినయమే అనుకోవచ్చు. కానీ పేరు వింటే ఎదుటివాడు తట్టుకోలేడన్న భావన కూడా అందులో దాగి ఉండవచ్చు. దాచడంలోనూ గర్వం ఉండగలదు! అడిగినవారికి పేరు మామూలుగా చెప్పి, వెంటనే వాళ్ల సంగతి అడిగితే సరిపోతుంది.

పౌలునే చూడండి. ఆయన చదివింది ఆ రోజుల్లో అందరూ గౌరవించే గమలీయేలు పాదాల దగ్గర. యెరూషలేములో తనమీద మండిపడుతున్న యూదులతో మాట్లాడవలసి వచ్చినప్పుడు, వారు తన మాట వినడానికి అది అవసరం గనుక, ఆ గురువు పేరు చెప్పాడు (అపొ.కార్యములు 22:3). ఆయన పత్రికలన్నీ వెదకండి, గమలీయేలు పేరు ఒక్కచోట కూడా కనబడదు. తనకున్న అతిశయ కారణాలను ఫిలిప్పీయులకు ఏకరువు పెట్టిన చోట కూడా ఆ పేరు లేదు, పైగా వాటన్నిటినీ క్రీస్తు కోసం నష్టంగా ఎంచుకున్నానంటాడు (ఫిలిప్పీ 3:4-8). బబులోను రాజు సొంత ఖర్చుతో చదివించిన దానియేలు మూడేళ్ల చదువు ముగిసేసరికి అక్కడి పండితులకన్నా పదిరెట్లు మేటి అనిపించుకున్నాడు. అయినా రాజు కల విప్పబోతూ, ఇతరులకన్నా తనకెక్కువ జ్ఞానముందని ఈ మర్మం తనకు తెలియలేదని ముందే చెప్పాడు (దానియేలు 2:30). అవసరమైన చోట చెప్పడం, అక్కర్లేని చోట ఊరుకోవడం అన్న ఈ విచక్షణ పెద్ద కాలేజీలో చేరే మన పిల్లలకు మొదటి పాఠం కావాలి.

కాలేజీల పేరు ప్రతిష్ఠలు శాశ్వతం కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. గుంటూరులో 1885లో మొదలైన ఆంధ్ర క్రైస్తవ కళాశాల పేరు మన తాతల తరానికి ఒక కిరీటం. ఎన్టీ రామారావు చదివింది, కరుణశ్రీ పాఠాలు చెప్పింది అక్కడే. ఏసీ కాలేజీలో చదివానంటే ఊరంతా లేచి నిలబడిన రోజులున్నాయి. ఈనాటి పిల్లవాడి నోట ఐఐటీ, ఎయిమ్స్ తప్ప మరో పేరు రాదు. 2008లో ట్రిపుల్ ఐటీలు వచ్చాక పల్లెల్లోని సర్కారు బడి పిల్లలకు అదొక కొత్త కల అయింది. రేపటి పేరు ఇంకేదో! ఇదే కొత్తపట్నంలో 1937 వేసవిలో స్వాతంత్ర్యోద్యమకారులు ఒక రాజకీయ పాఠశాల పెట్టారు, అప్పటి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. దానికి ర్యాంకులూ లేవు, డిగ్రీలూ లేవు. అయినా చరిత్రలో దాని పేరు నిలిచింది. చదువు విలువ గేటు మీది పేరులో కన్నా, దానితో మనం ఎవరికోసం నిలబడ్డామన్న దానిలోనే ఎక్కువగా ఉంటుంది.

మర్యాద చెప్పేవారికే కాదు, వినేవారికీ ఉంది. దావీదు గెలిచి వచ్చినప్పుడు స్త్రీలు పాడిన పాటలో తన లెక్క తక్కువైందని సౌలు ఆనాటినుంచి దావీదును విషపు చూపు చూశాడు (1 సమూయేలు 18:7-9). పొరుగింటి బిడ్డకు సీటొచ్చిందంటే ‘డొనేషనెంత కట్టారో’, ‘రిజర్వేషన్‌లో వచ్చిందిలే’ అనే నోరు సౌలు నోరే. సంతోషించేవారితో సంతోషించమని, ఏడ్చేవారితో ఏడవమని చెప్పే మాట (రోమా 12:15) సంఘంలో ఇద్దరికీ వర్తిస్తుంది. సీటొచ్చినవారు ఏడ్చేవారి దగ్గరికి వెళ్లాలి, రానివారు సంతోషించేవారి దగ్గరికి రావాలి. ఈ రెండోది ఎంత కష్టమో తెలిసినవారు ఆ తల్లి కొట్టిన చప్పట్లను తేలిగ్గా తీసుకోరు. అందుకే ఆ రోజుల్లో ‘మీవాడికెంత వచ్చింది?’ అన్న ప్రశ్న మాత్రం గుడి గుమ్మం బయటే వదిలేద్దాం. చెప్పాలనుకున్నప్పుడు వాళ్లే చెబుతారు.

ఇక మూడో మెట్టు, పంచుకోవడం. మిఠాయి పంచితే సరిపోదు. సీటొచ్చిన బిడ్డ హాస్టలుకు బయలుదేరే లోపల కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. సప్లిమెంటరీ రాయాల్సిన పిల్లలు అదే సంఘంలో ఉంటారు. సాయంత్రాలు గుడి వరండాలో లైటు వేసి, ర్యాంకు తెచ్చుకున్న పిల్ల ఆ తప్పిన పిల్లవాడికి లెక్కలు చెబితే? తన పాత పుస్తకాలు, నోట్సులు తీసుకెళ్లి వాడి చేతికిస్తే? పాస్టరుగారు ఆ ఆదివారం ఆ ఇద్దర్నీ కలిపి ముందుకు పిలిచి, ఒకే ప్రార్థనలో ఇద్దరి పేర్లూ చెబితే? లేవీయుణ్ని, పరదేశిని కలుపుకుని సంతోషించమన్న దేవునికి ఇంతకన్నా ఇష్టమైన ప్రథమ ఫలం ఏముంటుంది?

ఈ ఏడాది మీ ఇంట్లో సీటొచ్చిందా? దేవునికి స్తోత్రం! ఆదివారం తప్పకుండా లేచి సాక్ష్యం చెప్పండి. ముత్తాత పేరుతో మొదలుపెట్టండి. చెప్పి కూర్చున్నాక, వెనకవరసలో ఉన్న ఆ పిల్లవాడి పక్కకు వెళ్లి కూర్చోండి.