కనీస వేతనం, కుట్టుకూలి ధర: లెస్టర్‌లోని దక్షిణాసియా దుస్తుల కర్మాగారాలు – ఒక పరిశీలన

బ్రిటన్‌లో జాతీయ కనీస వేతనం 1999 ఏప్రిల్ 1న గంటకు 3.60 పౌండ్లతో అమలులోకి వచ్చింది. చట్టం యజమానులందరికీ ఒకటే. భారం మాత్రం అందరిపైనా ఒకేలా పడలేదు. లెస్టర్ నగరంలో దక్షిణాసియా మూలాలవారు నడిపే చిన్న దుస్తుల కర్మాగారాలు ఇందుకు ఉదాహరణ.

1972లో ఇదీ అమీన్ ఉగాండా నుండి ఆసియన్లను వెళ్లగొట్టినప్పుడు, తమ నగరానికి రావద్దని లెస్టర్ నగరపాలక మండలి అక్కడి పత్రికలో ప్రకటన ఇచ్చింది. అయినా వేలాదిమంది వచ్చారు; వారిలో గుజరాతీలు అధికం. పెద్ద వస్త్ర కర్మాగారాలు క్షీణించేకొద్దీ, ఆ పాత భవనాలలోనే కొద్దిపాటి కుట్టుయంత్రాలతో, కుటుంబ శ్రమతో చిన్న యూనిట్లు వెలిశాయి. 2005లో అంతర్జాతీయ వస్త్ర కోటాలు ముగిశాక ఇక్కడ మిగిలింది ప్రధానంగా తక్కువ ధరకు, తక్కువ వ్యవధిలో సరఫరా కోరే ఆర్డర్లే.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. గౌను ఒక్కింటికి కొనుగోలు సంస్థ 5 పౌండ్ల కుట్టుకూలి ఇస్తుందనుకుందాం. కుట్టడానికి 20 నిమిషాలు పడితే, 2020 నాటి 8.72 పౌండ్ల రేటున వేతనమే 2.91 పౌండ్లు. మిగిలిన 2.09 పౌండ్లలోనే కత్తిరింపు, ఇస్త్రీ, అద్దె, విద్యుత్తు, సెలవు వేతనం, యజమాని చెల్లించవలసిన జాతీయ బీమా సర్దుకోవాలి. కొనుగోలుదారు ఒక పౌండు తగ్గిస్తే మిగిలేది 1.09. కనీస వేతనాన్ని ప్రభుత్వం నిర్ణయిస్తుంది, కుట్టుకూలిని కొనుగోలుదారు నిర్ణయిస్తాడు. ఈ రెంటి మధ్య బేరమాడే శక్తి చిన్న యజమానికి దాదాపు లేదు.

ఈ ఒత్తిడిలో చట్టోల్లంఘన తరచుగా గంటల లెక్కలో దాగుతుంది. నలభై గంటలు పనిచేయించి, వేతన చీటీలో పదహారే చూపితే కాగితంపై రేటు సరిపోతుంది. 2015లో లెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చాలామంది శ్రామికులకు గంటకు సుమారు 3 పౌండ్లే అందుతున్నాయని వెల్లడించారు. ఆ కోత భరించినవారిలో యజమానుల భాషే మాట్లాడే వలస స్త్రీలూ ఉన్నారు. దీనిని 'ఆసియన్ యజమానుల సంస్కృతి'గా వివరించడం తేలిక, కానీ అది సరికాదని నా అభిప్రాయం. అలాగని ఆ యజమానులు నిర్దోషులూ కారు. అయితే గంటలు నిజాయితీగా రాసే కర్మాగారమూ అదే వీధిలో ఉంటుంది. పక్కవాడు చెప్పిన ధరకు ఓడి, ముందుగా ఆర్డరు పోగొట్టుకొనేది అదే.

2020లో బూహూ సంస్థ నియమించిన న్యాయవాది అలిసన్ లెవిట్ సమీక్ష, సరఫరాదారుల వద్ద తక్కువ వేతనాలపై వచ్చిన ఆరోపణలు గణనీయంగా నిజమేనని తేల్చింది. ఆపై ఆర్డర్లు తగ్గి, అనేక యూనిట్లు మూతపడ్డాయి. చట్టాన్ని పాటించినవారికీ ఆ నష్టం తప్పలేదు.

లాస్ ఏంజెలెస్‌లో కొరియన్ మూలాల కాంట్రాక్టర్లు, లాటిన్ అమెరికన్ శ్రామికులు ఉన్న పరిశ్రమదీ ఇటువంటి నిర్మాణమే. అక్కడ 2022 జనవరి 1 నుండి అమలవుతున్న కాలిఫోర్నియా చట్టం, సామూహిక ఒప్పందం ఉన్నచోట తప్ప, దుస్తుల తయారీలో పీస్‌రేటును నిషేధించింది. ఎగవేసిన వేతనానికి దుస్తులు చేయించుకొన్న బ్రాండును కూడా బాధ్యురాలిని చేసింది. బ్రిటన్ కనీస వేతన చట్టంలో కొనుగోలుదారుపై అటువంటి బాధ్యత లేదు. అందువల్ల లెస్టర్‌లో తనిఖీ అధికారి కుట్టు యూనిట్ తలుపు తట్టగలడు గాని, 5 పౌండ్లను 4గా మార్చిన కార్యాలయం అతని పరిధిలోకి రాదు.