లేసు అంచుకు ఉన్ని దన్ను

నరసాపురం: సన్నని నూలు దారంతో అల్లే లేసుకు, ఉన్నిని ఒత్తి చేసే దళసరి ఫెల్టుకు పొత్తు కుదరదనిపిస్తుంది. అయితే ఫెల్టు సంచికో, దిండు గలీబుకో చుట్టూ నాలుగు వేళ్ల లేసు అంచు అల్లితే రెండింటికీ కొత్త అందం వస్తుంది. 1844 ప్రాంతంలో స్కాట్లండ్ మిషనరీల ద్వారా గోదావరి తీరానికి చేరిన ఈ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. గుర్తింపు వచ్చినా యంత్రపు లేసు పోటీ మాత్రం తగ్గలేదు. ఈ తరుణంలో యంత్రానికి అంత సులువుగా లొంగని ఇటువంటి జోడింపు పనులు పరిశీలించదగ్గవి.

ఫెల్టు నేసిన గుడ్డ కాదు. దానికి పడుగు, పేకలు ఉండవు. ఉన్ని పోగులపై కంటికి ఆనని పొలుసులుంటాయి. గోరువెచ్చని సబ్బునీటితో తడిపి, చాపలో చుట్టి దొర్లిస్తూ ఒత్తితే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని, ఇక విడదీయరాని పొరగా గట్టిపడతాయి. కాశ్మీరు నమ్దాలు ఇలా తయారైనవే. వాటిపై పూలు కుట్టేదీ కొక్కెం మొన గల ఆరీ సూదితోనే కావడం విశేషం. మన గొంగడి మాత్రం మగ్గంపై నేసేది. దక్కనీ గొర్రెల ఉన్ని ముతక గనుక ఒత్తడానికి శ్రమ ఎక్కువ. ఆ ఫెల్టు సంచులకు, ఆసనాలకు పనికివస్తుంది గాని ఒంటికి గరుకు.

అసలు చిక్కు కుదింపులో ఉంది. ఒత్తిడికి ఉన్ని మూడో వంతు దాకా, ఒక్కోసారి అంతకు మించి కుదించుకుపోతుంది. నూలుకు పొలుసులు లేవు కనుక అది ఆ స్థాయిలో కుదించుకోదు. ముందే లేసు కుట్టి తరువాత ఒత్తితే అంచు కుచ్చిళ్లుగా లేచిపోతుంది. అందుచేత ఫెల్టును పూర్తిగా ఒత్తి, ఆరబెట్టి, కొలతకు కత్తిరించిన పిదపే సూది పట్టాలి. లేసు దారాన్నీ ముందుగా నీటిలో నానబెట్టి ఆరబెట్టడం మేలు.

లేసు సూది దళసరి ఫెల్టులో నేరుగా దిగదు. బలవంతం చేస్తే మొన విరుగుతుంది. అంచు నుంచి అర సెంటీమీటరు లోపలగా, సమాన దూరంలో దబ్బనంతో రంధ్రాలు చేసుకుని, గట్టి దారంతో చుట్టూ అంచు కుట్టు వేయాలి. ఆ కుట్టు ఉచ్చుల్లోంచి అల్లిక మొదలుపెట్టవచ్చు. కుట్లు ఎక్కువైతే అంచు అలలు తిరుగుతుంది, తక్కువైతే ఫెల్టు గిన్నెలా ముడుచుకుంటుంది. మూలల్లో ఒకే రంధ్రంలో మూడు కుట్లు వేయాలి. బజారులో దొరికే పలుచని కృత్రిమ ఫెల్టు ఈ పనికి తగదు. రంధ్రాల వద్ద చిరిగిపోతుంది.

ఇక గిట్టుబాటు మాట. నరసాపురం లేసు మహిళలపై మారియా మీస్ 1982లో వెలువరించిన గ్రంథం, ఇంట్లోనే గంటల తరబడి అల్లే స్త్రీలను గృహిణులుగా చూపి వారి శ్రమను లెక్కలోకి తీసుకోని తీరును ఎండగట్టింది. ముక్కలను కలిపే అతుకు పని, సరుకు అమ్మకం ఎవరి చేతిలో ఉంటే లాభం వారి వైపే మొగ్గుతుంది. ఫెల్టు విషయంలోనూ అంతే. అంచు మాత్రమే అల్లించుకుని, జోడింపు వేరొకచోట చేయిస్తే అల్లేవారికి మిగిలేది పాత కూలీయే. రంధ్రాలు వేయడం మొదలు తుది కుట్టు వరకు ఆమె చేతుల మీదుగా సాగి, ఆ గంటలన్నీ ధరలో చేరితేనే ఈ జోడింపు వల్ల ఆమెకు ప్రయోజనం. భౌగోళిక గుర్తింపు చేతి అల్లికకు దక్కినదే గనుక, యంత్రపు లేసు తగిలించి నరసాపురం పేరు పెట్టడం మోసమే అవుతుంది.

తయారైన వస్తువును చల్లని నీటిలో ముంచి, పిండకుండా తువ్వాలులో అద్ది నీడన ఆరబెట్టాలి. వేడినీరు, రుద్దుడు తగిలితే ఉన్ని మళ్లీ కుదించుకుంటుంది. విడి లేసుకు పెట్టినట్లు దీనికి గంజి పెట్టరాదు. అంచు బిరుసెక్కి ఫెల్టుతో కలిసి వంగదు.