మెదడు శాస్త్రం చదవాలంటే ఎక్కడికి పోవాలి?

మెదడు, వెన్నుపాము, నరాలు ఎట్లా పనిచేస్తాయో పరిశోధించే న్యూరోసైన్స్ మీద మన ప్రాంతపు విద్యార్థులకు ఈ మధ్య ఆసక్తి పెరిగింది. సంతోషమే. అయితే ప్రతివారూ ముందుగా అడిగేది "ఏ యూనివర్సిటీ గొప్పది?" అని. నన్నడిగితే అది మూడో ప్రశ్న. డిగ్రీలో ఏమేం చదవాలి అన్నది మొదటిది. ఇంటి స్తోమత ఎంత అన్నది రెండోది.

మొదటి ప్రశ్నకు జవాబు మన మంగంపేట గనిలోనే ఉంది. ఇక్కడ తవ్వే ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేటు. అది నీళ్లలో కరగదు. అందుకే ఎక్స్‌రే తీసే ముందు శుద్ధిచేసిన బేరియం సల్ఫేటును రోగిచేత తాగిస్తారు, ఒంటికి పట్టకుండా బయటికి పోతుంది. అదే బేరియం క్లోరైడయితే కరుగుతుంది. కడుపులోకి పోతే కండరాలు చచ్చుబడతాయి, ప్రాణమే పోవచ్చు. ఎందుకట్లా? నరాల కణాలకూ, కండరాల కణాలకూ పొటాషియం అయాన్లు దాటే సన్నని ద్వారాలుంటాయి. బేరియం అయాను పరిమాణంలో ఇంచుమించు పొటాషియం అయానంతే, కాని దాని విద్యుదావేశం రెట్టింపు. ద్వారంలో దూరి అక్కడే ఇరుక్కుంటుంది. పొటాషియం కణాల్లోనే చిక్కుకుపోయి, రక్తంలో తగ్గిపోతుంది. ఈ నాలుగు ముక్కలు అర్థం కావడానికే కెమిస్ట్రీ, ఫిజిక్సు, బయాలజీ మూడూ కావాలి. ఎంత వేగంగా, ఎంత వోల్టేజి దగ్గర అని అడిగితే లెక్కలు కూడా కావాలి.

మన చిక్కంతా ఇక్కడే. పదో తరగతి కాగానే ఎం.పి.సి.లో చేరితే బయాలజీ పోయె, బై.పి.సి.లో చేరితే లెక్కలు పోయె! పదిహేనేళ్ల వయసులో సగం దారి మూసుకుంటున్నాం. రెండూ చదివే ఎం.బై.పి.సి.ని మన ఇంటర్ బోర్డు 2025-26లో తెచ్చింది. ఇంకా పదిలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ దీన్ని గమనించాలి.

కేంబ్రిడ్జిలో చదివిన హాడ్జ్‌కిన్, హక్స్‌లీల కథ ఈ సందర్భంలో చెప్పుకోదగ్గది. హాడ్జ్‌కిన్ వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం పట్టుకొని వచ్చినవాడు, మన మాటల్లో బై.పి.సి. హక్స్‌లీది ఎం.పి.సి. దారి. ఒక సబ్జెక్టు తక్కువపడి శరీరధర్మశాస్త్రం తీసుకున్నాడు. ఇద్దరూ కలిసి సముద్రపు స్క్విడ్ జంతువు నరంలో విద్యుత్తు ఎట్లా పాకుతుందో 1952లో సమీకరణాలతో చూపించారు. ఆ లెక్కలు హక్స్‌లీ చేత్తో తిప్పే యంత్రం మీద చేశాడు. 1963లో ఇద్దరికీ నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. ఆ కేంబ్రిడ్జిలో ఈనాటికీ ముందు ప్రకృతి శాస్త్రాలన్నీ కలిపి చదివి, చివర్లోనే న్యూరోసైన్స్‌కు మళ్లుతారు.

అట్లాంటి చదువు మనకు దగ్గరలోనే ఉంది. 2015లో మొదలైన తిరుపతి ఐసర్ ఏర్పేడు దగ్గర ఉంది, కోడూరు నుంచి పూట ప్రయాణం. ఐదేళ్ల బి.ఎస్.-ఎం.ఎస్. కోర్సులో మొదట్లో అందరూ అన్ని శాస్త్రాలూ చదవాలి. బెంగళూరు ఐ.ఐ.ఎస్సీ.లో 2011 నుంచి నడుస్తున్న నాలుగేళ్ల డిగ్రీ కూడా ఆ మాదిరిదే. ఐసర్ ప్రవేశ పరీక్షలో నాలుగు సబ్జెక్టులకూ తలా 15 ప్రశ్నలు. 

లండన్ యూనివర్సిటీ కాలేజీలో, ఎడింబరోలో న్యూరోసైన్స్ పేరుతోనే డిగ్రీలున్నాయి. మంచి చదువులే, కాదనను. కాని బయటి దేశాల విద్యార్థికి అక్కడ ఫీజు సొంత దేశపు పిల్లలకంటే చాలా జాస్తి. ఒక్క పేరు కోసం బొప్పాయి తోటో, మామిడి తోటో తాకట్టు పెట్టాలా? పరిశోధన అసలు మొదలయ్యేది పీహెచ్‌డీలో. అక్కడ స్కాలర్‌షిప్పు వాళ్లే ఇస్తారు. విదేశానికి పోదలచినవాళ్లు ఆ మెట్టు మీద పోవచ్చు కదా.

ఇక మనలాగా మామూలు కాలేజీలో బి.ఎస్సీ. చదువుతున్నవాళ్ల మాట. విజయలక్ష్మి రవీంద్రనాథ్ గారు బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. చదివింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే. 1981లో మైసూరులో బయోకెమిస్ట్రీలో డాక్టరేటు పొంది, తర్వాత నిమ్‌హాన్స్‌లో మెదడు మీద పనిచేశారు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి తొలి డైరెక్టరు ఆమే. ఐ.ఐ.ఎస్సీ.లో న్యూరోసైన్స్ కేంద్రాన్ని ఆరంభించిందీ ఆమే. ఆమె డిగ్రీలో న్యూరోసైన్స్ అన్న పేరే లేదు.

కనుక మనకు మిగిలిన దారి జామ్ పరీక్ష. ఐ.ఐ.టి.లలో ఎం.ఎస్సీ.కీ, ఐ.ఐ.ఎస్సీ.లో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకీ దాని మీదే పోతారు. అప్లికేషన్ నింపే ముందు ఆ డిపార్ట్‌మెంటు అధ్యాపకుల జాబితా తెరిచి, మెదడు, నరాల మీద పనిచేసేవాళ్లు ఎందరో లెక్కపెట్టండి. డిగ్రీ పిల్లల్ని ల్యాబులోకి ఏ ఏడాది నుంచి రానిస్తారో ఉత్తరం రాసి అడగండి. హాస్టలు, మెస్సు ఖర్చు ఒక్క సెమిస్టరుకు కాదు, మొత్తం కోర్సుకు ఎంతవుతుందో కాగితం మీద వేసి ఇంట్లో చూపించండి.