అమీన్‌పూర్ చెరువులో బురదను ఉండనివ్వండి

చందానగర్‌లో ఉండేవాళ్లు పక్షులను చూడటానికి కొల్లేరుకో నేలపట్టుకో పోనక్కర్లేదు. ఆటో ఎక్కితే అమీన్‌పూర్ పెద్దచెరువు దగ్గర దిగొచ్చు. కుతుబ్‌షాహీల కాలం నాటిదని చెప్పే ఈ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చలికాలంలో మధ్య ఆసియా వైపు నుంచి వలస బాతులు వస్తాయి. రాజహంసలూ ఇక్కడ దిగిన సందర్భాలున్నాయి. జనం రాక పెరిగితే వాకింగ్ ట్రాక్, రాతికట్టు, రంగుల లైట్లు, బోట్లు కావాలన్న కోరికా పెరుగుతుంది. సుందరీకరణ అంటే చెరువును చుట్టూ కట్టేయడమే అయితే, ఏ పక్షులను చూడటానికి వచ్చామో వాటినే మనం తరిమేసినట్టు.

మన చెరువుకు కట్టవైపు లోతు, ఎగువన శిఖంవైపు పలచటి నీళ్లు. నీటికాకులూ బుడుబుంగలూ మునిగి చేపలు పడతాయి కాబట్టి లోతులోనూ బతుకుతాయి. ఉల్లంకి పిట్టలు అలా కాదు. మడమ తడిసేంత నీళ్లలో నడుస్తూ, బురదలో ముక్కు గుచ్చి పురుగులు ఏరుకుంటాయి. గులాబీరంగు పుల్లల్లాంటి కాళ్లున్న నల్లరెక్కల ఉల్లంకి కూడా ఆ కాళ్లు అందినంత లోతు వరకే పోగలదు. నిలువుగా రాయి పేర్చి తవ్వేస్తే నీళ్లు నిండుగా కనిపిస్తాయి, వీటికి మాత్రం మేత దొరకదు. ఎండాకాలంలో పైకి తేలే ఆ శిఖం భూమి మీదే ఇళ్లు కట్టేవాళ్ల కన్నూ ఉంటుంది. చెరువులు చిక్కిపోయేది ఎక్కువగా ఆ వైపు నుంచే.

మురుగునీటిలోనూ ఉల్లంకులు కనిపిస్తున్నాయిగా, ఇంత పట్టింపు దేనికని అడగొచ్చు. మురుగులో పెరిగే పురుగుల కోసం కొన్ని జాతులు చేరతాయి, నిజమే. కాబట్టి పక్షుల గుంపును చూసి చెరువు బాగుందనుకోకూడదు. ఎన్ని రకాలు వచ్చాయో, ఏవి రావడం మానేశాయో చూడాలి. బైనాక్యులర్‌తో ఓపిగ్గా కూర్చుని, చూసినవి రాసిపెట్టుకునే సందర్శకులు చెరువుకు అక్కరకొచ్చేది ఇక్కడే.

జనం రాకపోతే కబ్జాదారులదే రాజ్యమన్న వాదన ఇంతకన్నా బలమైనది. అందుకే రావద్దనడం లేదు. పెద్దవాళ్లకు నడకదారీ కావాలి, పిల్లలకు చెరువు తెలియాలి. ఆ దారి, బెంచీలు ఎటూ మనుషులు తిరిగే కట్టమీద ఉండొచ్చు. శిఖంవైపు పూర్తి నీటిమట్టం హద్దురాళ్లు పాతి, లైట్లూ బోట్లూ లేకుండా వదిలేస్తే చాలు. కట్టమీది నుంచి బైనాక్యులర్‌కు ఆ ఒడ్డూ అందుతుంది.