మనిషికి నాలుగక్షరాలు చాలవు

ఆదివారం ఆరాధన ముగిసింది. అందరూ వెళ్లేదాకా ఆగి ఒక యువకుడు నా దగ్గరికొచ్చాడు. గోపాలపట్నంలో మా సంఘం బిడ్డే. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది. ఒక ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజర్ ఉద్యోగానికి వెళితే ఇంటర్వ్యూతో పాటు పర్సనాలిటీ టెస్ట్ కూడా పెట్టారట. నలుగురిలో కలవని స్వభావమనీ, నాయకత్వానికి తగడనీ అందులో తేలిందట.

"అయ్యగారూ, నేను పుట్టుకతోనే ఇంతేనా?" అన్నాడు.

నాకు 2014 అక్టోబరు గుర్తొచ్చింది. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖ అంతా కరెంటు లేక, నీళ్లు లేక అల్లాడింది. మా వీధికి ట్యాంకర్ వస్తే తోపులాటే. అప్పుడు ఇంటర్ చదువుతున్న ఈ కుర్రాడే గొంతు పెంచకుండా వరుస కట్టించాడు. ముసలమ్మలకు ముందు నీళ్లు పట్టించి, తన బిందె చివర్న పెట్టుకున్నాడు. ఇది ఏ ప్రశ్నపత్రానికి తెలుస్తుంది?

అయినా ఆ కంపెనీని తప్పుపట్టే ముందు నన్ను నేను చూసుకోవాలి. ఒకప్పుడు మా యౌవనస్థులకు నాయకుడు కావలసి వచ్చింది. గట్టిగా మాట్లాడేవాణ్ణి, చూడగానే ఆకట్టుకునేవాణ్ణి ఎంచుకున్నాను. ఆర్నెల్లు తిరక్కుండానే పిల్లలు చెదిరిపోయారు. నా దగ్గర కాగితం పరీక్ష లేదు, ఉన్నది కంటిచూపే. అదీ తప్పింది. ప్రవక్తయైన సమూయేలంతటివాడే యెష్షయి పెద్దకొడుకు ఏలీయాబు ఎత్తు, రూపం చూసి ఇతడే రాజనుకున్నాడు. గొర్రెలు కాస్తున్న దావీదును పిలిపించాలని ఇంట్లోవారికి తోచనే లేదు. కంటిచూపు మోసపోతుంది గనుకే మనుషులు పరీక్షలు కనిపెట్టారు. పరీక్ష పెట్టడం పాపం కాదు. అది దేన్ని కొలుస్తుందో తెలియకుండా నమ్మడమే ప్రమాదం.

మా ప్రాంతంలో రైల్వే కుటుంబాలకు ఒక పరీక్ష బాగా తెలుసు. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి వెళ్లేవారికి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, దూరాన్ని అంచనా వేసే చూపు, చూసింది వేగంగా గ్రహించడం, సూచనలు పాటించడం వంటివి కంప్యూటర్ మీద పరీక్షిస్తారు. ప్రతి అంశంలోనూ విడివిడిగా నెగ్గాలి. ఇది సామర్థ్య పరీక్ష. ఇంజను నడిపేవాడికి ఏం కావాలో అదే కొలుస్తుంది. మనిషి స్వభావంపై తీర్పు చెప్పదు.

స్వభావ పరీక్షల సంగతి వేరు. చాలా కంపెనీల్లో వినిపించే పేరు మయర్స్-బ్రిగ్స్. కార్ల్ యుంగ్ అనే స్విస్ మానసిక వైద్యుడు 1921లో రాసిన పుస్తకం ఆధారంగా అమెరికాలో ఒక తల్లీ కూతురూ దీన్ని తయారుచేశారు. మనుషులను 16 రకాలుగా విడదీసి, ఒక్కొక్కరికి నాలుగక్షరాల గుర్తు ఇస్తుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి గుర్తు మారిపోతుంది. ఉద్యోగానికి ఎంపిక చేయడానికి దీన్ని వాడవద్దని దాన్ని అమ్మే సంస్థే చెబుతుంది! పరిశోధకులు ఎక్కువగా నమ్మే ఐదు లక్షణాల పద్ధతిలో, పనిని శ్రద్ధగా పూర్తిచేసే గుణానికీ పనితీరుకూ సంబంధం కనిపించింది. అయితే అదీ కొంతవరకే. పైగా ఉద్యోగం అవసరమైనవాడు ఉన్నది రాస్తాడా, వాళ్లకు కావలసింది రాస్తాడా?

మరి స్వభావాన్ని ఎలా చూడాలి? నౌకాదళం వారి ఎంపిక బోర్డు మన విశాఖలోనే ఉంది. సైన్యంలో అధికారుల ఎంపికకు ఇలాంటి పద్ధతి మన దేశంలో 1943లో డెహ్రాడూన్‌లో మొదలైంది. అక్కడా మానసిక పరీక్షలున్నాయి. కానీ అంతటితో వదలరు. దాదాపు ఐదు రోజులు ఉంచుకుంటారు. బృందంతో కలిసి పనిచేయిస్తారు, ఇంటర్వ్యూ చేస్తారు. మానసిక నిపుణుడు, బృంద పరీక్షాధికారి, ఇంటర్వ్యూ అధికారి ఎవరికివారు అంచనా వేసి, చివరికి కలిసి కూర్చుని తేలుస్తారు. ఈసారి కాకపోయినా మళ్లీ రావచ్చు.

పదిమందికి పని ఇచ్చే పాఠకులారా! ముందు ఆ పనికి ఏం కావాలో రాసుకోండి. వచ్చినవారందరినీ అవే ప్రశ్నలు అడగండి. పనిలో ఒక ముక్క చేయించి చూడండి. స్వభావ పరీక్ష పెట్టదలిస్తే చేర్చుకున్న తర్వాత పెట్టండి, అదీ అతన్ని అర్థం చేసుకోవడానికి. నలుగురిలో నోరు విప్పలేనివాడికి మీటింగ్ విషయం ముందురోజే చెప్పండి, ఆలోచించుకుని వస్తాడు. చొరవగలవాణ్ణి నలుగురితో మాట్లాడే పనిలో పెట్టండి. మోషేకు మామ యిత్రో ఇచ్చిన సలహా నిర్గమకాండంలో ఉంది. ఆయన చూడమన్నది సామర్థ్యం, దైవభయం, నిజాయితీ, లంచానికి లొంగని గుణం. అందరికీ వెయ్యిమందిని అప్పగించమనలేదు. కొందరికి వంద, కొందరికి యాభై, కొందరికి పది.

ఆ యువకుడితో అదే చెప్పాను. "బాబూ, ఈ కాగితంలో నిజం ఏమైనా ఉందా?" అని అడిగాను. "గుంపులో మాట్లాడాలంటే భయమండీ" అన్నాడు. "అయితే ఇందులో నిజం అంతే. మిగతాది నువ్వు కాదు" అన్నాను. ఆ వారమే పదిమంది పిల్లలను అతనికి అప్పగించాను. మొదటి ఆదివారం రెండు నిమిషాలు మాట్లాడి చెమటలు తుడుచుకున్నాడు. ఇప్పుడు ఆ పిల్లల్లో ఒక్కరు రాకపోయినా సాయంత్రానికి వాళ్ల గుమ్మంలో ఉంటాడు.

మార్కు అనే యువకుడు సేవ మధ్యలో వెనుదిరిగి వెళ్లిపోయాడు. పౌలు అతన్ని మళ్లీ వెంట తీసుకెళ్లనన్నాడు. బర్నబా మాత్రం చేరదీశాడు. ఏళ్లు గడిచాక, చెరలో ఉన్న ఆ పౌలే మార్కును తీసుకురమ్మని, అతడు తన సేవకు ఉపయోగపడతాడని రాశాడు. మనిషి మారతాడు, ఎదుగుతాడు. మన చేతిలోని కాగితం మాత్రం రాసిన రోజు దగ్గరే ఆగిపోతుంది. ఈ వారం మీరు పక్కన పెట్టేసిన మార్కు ఎవరో ఒక్కసారి గుర్తు చేసుకోండి.