కొడుకు చెప్పడు, కూతురు చెబితే వినం



ఆత్మహత్య అనగానే మనకు పరీక్ష తప్పిన విద్యార్థో, అప్పులపాలైన రైతో గుర్తుకొస్తారు. అత్తవారింట ఉన్న పాతికేళ్ళ అమ్మాయి గుర్తుకు రాదు. 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్నవారు 1,70,924 మంది అని ప్రభుత్వ లెక్క. అందులో స్త్రీలు 48,172 మంది. వీరిలో సగానికి పైగా గృహిణులే. పురుషుల సంఖ్య ఇంతకు రెట్టింపు కన్నా ఎక్కువ, నిజమే. కానీ వయసు చూడండి. 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన భారతదేశ అధ్యయనం ప్రకారం, ఇలా చనిపోయిన స్త్రీలలో 56 శాతం, పురుషులలో 40 శాతం 15 నుండి 29 ఏళ్ళ వారే.

అమ్మాయికి బాధ ఎక్కువగా ఇంట్లోనే ఉంటుంది. కట్నం వేధింపు, భర్త చేతి దెబ్బలు, ఇష్టం లేని పెళ్ళి, పిల్లలు లేరన్న సూటిపోటి మాటలు. ఆమె పుట్టింటికి వచ్చి చెబుతుంది కూడా. "సర్దుకుపో అమ్మా" అని మనమే బస్సెక్కిస్తాం.

అబ్బాయికి పని, అప్పు, తాగుడు. పోలవరం ప్రాజెక్టు వల్ల ఊరు వదిలి కాలనీలకు వచ్చిన ఇళ్ళలో, నిన్నటి వరకు సొంత పొలం దున్నిన కుర్రవాడు కూలికి వెళ్ళవలసి వస్తే ఆ దిగులు ఎవరితో చెప్పుకుంటాడు? మగవాడు ఏడవకూడదని మనమే నేర్పాం. అది కోపంగానో, తాగుడుగానో బయటపడుతుంది. మనం చెడు సావాసం అని తిట్టి ఊరుకుంటాం.

ఇద్దరికీ ఒకే ప్రమాదం, ఇంట్లో చేతికందే పురుగుల మందు. ఆవేశం చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కాస్త సమయం గడిస్తే ప్రాణం నిలుస్తుంది. శ్రీలంకలో అతి ప్రమాదకరమైన మందులను నిషేధించాక, 1995 తర్వాతి ఇరవై ఏళ్ళలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. కాబట్టి మందు డబ్బాను పెట్టెలో పెట్టి తాళం వేయండి, తాళం చెవి పెద్దల దగ్గర ఉంచండి.

ఎవరైనా మందు తాగితే నాటువైద్యం చేయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. కేసవుతుందని, సంఘంలో మాట వస్తుందని దాచి ఆలస్యం చేయవద్దు. తీవ్రమైన ఒత్తిడిలో అలా చేశారని భావించి శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

అనుమానం ఉంటే, "చనిపోవాలనిపిస్తోందా?" అని నెమ్మదిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. టెలి మానస్ నంబరు 14416. పగలైనా రాత్రైనా తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర లేదు.